నాలుగు కే170ల కోసం: ఎం.సి. ప్రీయాంప్ ప్రాజెక్టు డైరీ

రికార్డ్ ప్లేయర్ సూది ఉండే ఎం.సి. (మూవింగ్ కాయిల్) కార్ట్రిడ్జ్ ఇచ్చే అతి చిన్న సిగ్నల్‌ని పెంచే ప్రీయాంప్ కడుతున్నాను. కావలసింది నాలుగంటే నాలుగు ట్రాన్సిస్టర్లు. మిగతా బోర్డంతా సంక్రాంతికే అయిపోయింది. పవర్ సప్లై, ఈక్వలైజేషన్ స్టేజి, పైడబ్బా, వెనక సాకెట్లు అన్నీ రెడీ. ఇన్‌పుట్‌లో పెట్టాల్సిన 2ఎస్‌కె170 (పొట్టిగా కే170) బీఎల్ గ్రేడువి, ఛానెల్‌కి రెండు చొప్పున నాలుగు, అవి దొరక్క ఆ పన్నెండు రంధ్రాలు అలాగే ఉండిపోయాయి. ఎందుకు కట్టాలనుకున్నానో, మొదటిరోజు ఎంత సంబరపడ్డానో అదంతా వదిలేస్తున్నాను. ఎక్కడ మోసపోయాను, ఏం కొలిచాను, చివరికి ఏం మార్చాను అన్నదే రాస్తున్నా. ఎవరైనా ఇదే దారిలో వెళ్తే కనీసం నా డబ్బులు పోయిన చోట వాళ్ళవి పోకుండా ఉంటాయి.

ఆ నంబరే ఎందుకంటే, లెక్క చూడండి. నా కార్ట్రిడ్జ్ ఎం.సి. రకం, కాయిల్ 40 ఓమ్‌లు, ఇచ్చేది 0.3 మిల్లీవోల్టు. 40 ఓమ్‌ల తీగ తనంతట తానే 0.8 నానోవోల్టుల నాయిస్, అంటే హిస్ గోల, చేస్తుంది (నానోవోల్టు అంటే వోల్టులో వందకోట్లో వంతు; నాయిస్‌ని ఒక్కో రూట్ హెర్ట్జ్‌కి ఇంత అని చెబుతారు, ఇకపై ఆ తోక ప్రతిసారీ రాయను). దాని పక్కన ట్రాన్సిస్టర్ నాయిస్ వచ్చి కలుస్తుంది.

అసలు ట్రాన్సిస్టరే లేదనుకుంటే: పాట కన్నా నాయిస్ 68 డీబీ (డెసిబెల్స్) కింద; ఈ అంకె ఎంత పెద్దదైతే అంత నిశ్శబ్దం
కే170 ఒకటి (డేటాషీటు ప్రకారం 0.95 నానోవోల్టులు): 64.6 డీబీ
కే170 రెండు పక్కపక్కన: 66 డీబీ
6 నానోవోల్టుల నాసిరకం ఏదైనా: 51 డీబీ

64కీ 66కీ తేడా నా చెవికి తెలియదు, ఒప్పుకుంటాను. 51 మాత్రం పక్కగదిలో ఉన్నవాళ్ళకీ తెలుస్తుంది. చిక్కేమిటంటే టోషిబా వాళ్ళు కే170 తయారీ ఆపేసి చాలా ఏళ్ళయింది, అందరికీ అదే కావాలి, అందుకని దాని పేరు కొట్టిన నల్ల ముక్కలు మాత్రం ఎప్పుడు కావాలంటే అప్పుడు దొరుకుతాయి.

దశ 1: కొట్లు (జనవరి చివర)

రాజమండ్రిలో మూడు కొట్లు, తర్వాత విజయవాడ గవర్నర్‌పేటలో ఒక రోజంతా. ఒక కొట్టాయన నంబరు విని నవ్వి, "ఆయ్, ఆ సరుకు చూసి పదేళ్ళు దాటిపోయిందండి. బీసీ547 ఏసేయండి, ఇనేది పాటే గదా" అన్నాడు. ఇంకో చోట కుర్రాడు లోపలికెళ్ళి పది నిమిషాలు వెతికి 2ఎస్‌సీ1815లు పట్టుకొచ్చి "ఇదీ అదీ ఒకటేనండి" అన్నాడు. కే170 జేఫెట్, అంటే గేట్ అనే కాలు మీది వోల్టేజితో కరెంటుని నడిపే రకం ట్రాన్సిస్టర్. సీ1815 అది కాదు, మామూలు ఎన్‌పీఎన్. పోనీ రెండో స్టేజిలో బీసీ549 బదులు వాడదామన్నా ఒక మెలిక ఉంది. చదును వైపు మన మొహానికి పెట్టి ఎడమ నుంచి చదివితే బీసీ549 కాళ్ళు కలెక్టర్, బేస్, ఎమిటర్. జపాన్ సీ1815, సీ2240, ఏ970 లాంటివి ఎమిటర్, కలెక్టర్, బేస్. తిప్పి పెట్టినా సరిపోదు, కాళ్ళు మెలేసి పెట్టాల్సిందే. ఇది తెలియక పాత ప్రాజెక్టులో రెండు కాల్చుకున్నాను కాబట్టి ఈసారి కొనలేదు.

ఖాళీ చేతుల్తో రావడం ఇష్టం లేక ఢిల్లీ సీడీఐఎల్ కంపెనీ వాళ్ళ బీసీ549సీలు ఒక యాభై, మూడేసి రూపాయల చొప్పున తెచ్చుకున్నాను. ఆ కవరు గుర్తుపెట్టుకోండి, దానితో తర్వాత పనుంది.

ఇప్పటివరకు: ఛార్జీలు రూ. 460, బీసీ549సీలు రూ. 150. మొత్తం రూ. 610. కే170లు: సున్నా.

దశ 2: ఆన్‌లైన్‌లో పది (ఫిబ్రవరి)

ఒక ఆన్‌లైన్ అమ్మకందారు దగ్గర ఒక్కోటి 85 రూపాయలకి పది తెప్పించాను, కొరియర్ 60. ఫొటోలో 'కే170 బీఎల్' అని చక్కటి అక్షరాలు. వచ్చినవి కూడా అంతే చక్కగా ఉన్నాయి. నిజానికి అక్కడే అనుమానం రావాల్సింది, ఎందుకంటే అంత పాత సరుకు కాళ్ళు అంత తళతళా మెరవవు.

మల్టీమీటర్ పెట్టాను. జేఫెట్ అయితే చివరి రెండు కాళ్ళ (డ్రెయిన్, సోర్స్) మధ్య ఎటు పెట్టినా కొన్ని పదుల ఓమ్‌లు చూపించాలి, మధ్య కాలు (గేట్) నుంచి అటూ ఇటూ డయోడ్‌లా ఉండాలి. పదిలో మూడు ఆ మొదటి మెట్టులోనే పోయాయి, చివరి కాళ్ళ మధ్య అసలు దారే లేదు. మిగిలిన ఏడింటికి ఐడీఎస్ఎస్ కొలిచాను. అంటే గేట్‌నీ సోర్స్‌నీ కలిపేసి, డ్రెయిన్‌కి మిల్లీ ఆంపియర్ మీటర్ మీదుగా 10 వోల్టులు ఇస్తే ఎంత కరెంటు పారుతుందో చూడటం.

2.1, 3.4, 6.3, 7.0, 8.8, 9.5, 17.2 మిల్లీ ఆంపియర్లు.

కే170లో జీఆర్ గ్రేడు 2.6 నుంచి 6.5 వరకు, బీఎల్ 6 నుంచి 12 వరకు, వీ గ్రేడు 10 నుంచి 20 వరకు. ఏడింటి మీదా బీఎల్ అనే రాసుంది. సరే, నాలుగు 6–12 మధ్యలో పడ్డాయి గదా, చాలు గదా అనుకున్నాను. ఇదీ ఈ మొత్తం ప్రాజెక్టులో పెద్ద తప్పు. ఆ నాలుగింటినీ సోల్డర్ చేసేసి, సూది ఎత్తి, వాల్యూం పెంచితే గోదావరి సముద్రంలో కలిసే చోట నిలబడినట్టు హోరు. ఆరు సాయంత్రాలు ఎర్తింగ్ మార్చాను, తీగలు మార్చాను, పవర్ సప్లైలో కెపాసిటర్లు పెంచాను. హోరు ఒక్క గీత తగ్గలేదు. తప్పు ట్రాన్సిస్టర్‌లో ఉంటే సప్లైని ఎంత శుభ్రం చేసి ఏం లాభం.

ఇప్పటివరకు: రూ. 610 + 910 = రూ. 1,520. కే170లు: పేరుకి పది, పనికి సున్నా.

దశ 3: వంద మిల్లీవోల్టుల పరీక్ష (ఫిబ్రవరి చివర)

ఐడీఎస్ఎస్ సరిపోతే ఒరిజినల్ అనుకోవడం ఎంత తప్పో తర్వాత తెలిసింది. ఎనిమిది మిల్లీ ఆంపియర్లు లాగే జేఫెట్లు బోలెడు. కే170 గొప్ప కరెంటులో లేదు, గేట్ మీద కాస్త వోల్టేజి మారితే కరెంటు ఎంతగా కదులుతుందో అందులో ఉంది. ఆ కదలిక ఎంత ఎక్కువుంటే నాయిస్ అంత తక్కువ. డేటాషీటులో అది 22 మిల్లీసీమెన్స్ (ఒక్కో వోల్టుకి అన్ని మిల్లీ ఆంపియర్లు అన్నమాట). దీన్ని పట్టుకోవడానికి పెద్ద పరికరాలేం అక్కర్లేదు.

1. ఐడీఎస్ఎస్ కొలిచినట్టే 10 వోల్టులు, మీటరు పెట్టండి. పార్టుని వేళ్ళతో పట్టుకోవద్దు, చేతి వేడికి రీడింగు జారిపోతుంది. ముప్పై సెకన్లు ఆగి రాసుకోండి.
2. ఒక కొత్త పెన్‌టార్చి సెల్‌కి 15 కిలో ఓమ్‌లు, 1 కిలో ఓమ్ వరసగా కట్టండి. కొత్త సెల్ 1.58 వోల్టులు ఇస్తుంది కాబట్టి 1 కిలో ఓమ్ మీద దాదాపు 100 మిల్లీవోల్టులు వస్తాయి.
3. ఆ 100 మిల్లీవోల్టుల్ని నెగటివ్ వైపు గేట్‌కి, పాజిటివ్ వైపు సోర్స్‌కి ఇవ్వండి.
4. కరెంటు ఎంత పడిపోయిందో చూడండి. 8 మిల్లీ ఆంపియర్ల కే170 అయితే రెండున్నర నుంచి మూడు దాకా పడాలి.

నా నాలుగూ 0.4 నుంచి 0.7 మిల్లీ ఆంపియర్లు పడ్డాయి. అంటే లోపలుంది ఏదో చిన్నపాటి స్విచింగ్ జేఫెట్, పైన పేరు మాత్రం మహారాజుది.

ఈసారి ఖరీదు పెడితే మంచిది వస్తుందేమో అని వేరే అమ్మకందారు దగ్గర ఒక్కోటి 240కి అయిదు తెప్పించాను, కొరియర్ 80. వీటిలో 1.5 నుంచి 1.7 దాకా పడింది. అటూ కాదు ఇటూ కాదు. ఇంకేదో కాస్త మంచి జేఫెట్ మీద పేరు మార్చి కొట్టారని నా అనుమానం. అనుమానాలు ఎన్నైనా ఉంటాయి, ఇక నాయిసే నేరుగా కొలవాలి.

ఇప్పటివరకు: రూ. 1,520 + 1,280 = రూ. 2,800. చేతిలో కే170 అని రాసున్నవి పదిహేను. నమ్మదగ్గది ఒక్కటీ లేదు.

దశ 4: పాలపొడి డబ్బాలో కొలతలు (మార్చి)

నానోవోల్టులు కొలిచే మీటరు మనకెక్కడిది. కానీ ఒక ఉపాయం ఉంది, ఈ డైరీ మొత్తంలో పనికొచ్చే ముక్క ఏదైనా ఉందంటే ఇదే. రెసిస్టర్‌కి కూడా నాయిస్ ఉంటుంది, అది దాని విలువనీ ఉష్ణోగ్రతనీ బట్టే వస్తుంది, ఏ కంపెనీది అన్నదానితో పనిలేదు. మా ఎండలకి, 33 డిగ్రీల గదిలో, 1 కిలో ఓమ్ మెటల్ ఫిల్మ్ రెసిస్టర్ 4.1 నానోవోల్టులు చేస్తుంది. 10 ఓమ్‌లది 0.41. మూడు వందల కోట్ల పరికరం తెచ్చి కొలిచినా అంతే. అంటే తూకపు రాయి ఇంట్లోనే ఉంది.

జిగ్ (కొలవడానికి కట్టుకున్న అమరిక) ఇదీ: రెండు 9 వోల్టుల బ్యాటరీలు వరసగా (18 వోల్టులు), డ్రెయిన్‌లో 1 కిలో ఓమ్, సోర్స్ నేరుగా గ్రౌండ్‌కి, డ్రెయిన్ నుంచి 1 మైక్రోఫారడ్ ఫిల్మ్ కెపాసిటర్ మీదుగా ఎన్‌ఈ5534 ఐసీకి, దాని గెయిన్ (సిగ్నల్‌ని ఎన్ని రెట్లు పెంచుతుందో అది) 100, అక్కణ్ణుంచి కంప్యూటర్ సౌండ్ కార్డుకి. గేట్ దగ్గర ఒక చిన్న సాకెట్, అందులో 10 ఓమ్‌లైనా 1 కిలో ఓమ్ అయినా గుచ్చుకోవచ్చు.

1. గేట్‌లో 10 ఓమ్‌లు పెట్టి నాయిస్ రాసుకోండి, 1 నుంచి 10 కిలోహెర్ట్జ్ మధ్య మాత్రమే. దానికింద 50 హెర్ట్జ్ హమ్మూ దాని పిల్లలూ ఉంటాయి.
2. అదే పార్టుకి 1 కిలో ఓమ్ పెట్టి మళ్ళీ రాసుకోండి.
3. రెండోదాన్ని మొదటిదానితో భాగించండి. దాన్ని నిష్పత్తి అందాం.
4. నిష్పత్తి వర్గంలోంచి 1 తీసేసి, 16.6ని దానితో భాగించి, వచ్చినదాంట్లోంచి 0.17 తీసి, వర్గమూలం కట్టండి. అదే ట్రాన్సిస్టర్ నాయిస్, నానోవోల్టుల్లో.

గెయిన్ ఎంతో తెలియనక్కర్లేదు, సౌండ్ కార్డు సరిగ్గా ఉందో లేదో కూడా పట్టించుకోనక్కర్లేదు, భాగహారంలో అవన్నీ కొట్టుకుపోతాయి. లెక్క బద్ధకమైతే ఇంత గుర్తుపెట్టుకోండి: ట్రాన్సిస్టర్ మంచిదైతే 1 కిలో ఓమ్ పెట్టగానే నాయిస్ దాదాపు నాలుగు రెట్లవుతుంది, ఎందుకంటే దాని సొంత గోల తక్కువ కాబట్టి రెసిస్టర్ గోల బయటికి వినిపిస్తుంది. చెత్తదైతే పెట్టినా తీసినా ఒకేలా ఉంటుంది, సంతలో గుసగుస వినపడనట్టు.

ఇంత చెప్పినా మొదటి వారం కొలతలన్నీ చెత్తబుట్టకే. ముందు అల్యూమినియం డబ్బాలో పెట్టాను, 50 హెర్ట్జ్ అయస్కాంత క్షేత్రానికి అది అడ్డే కాదు. పాలపొడి రేకు డబ్బాకి మారాక (పైన మూతకి కూడా గ్రౌండ్ తీగ వేయాలి, మర్చిపోకండి) హమ్ బాగా తగ్గింది. అయినా కొలతలు రాత్రికొక రకం, పొద్దునకొక రకం. మా వీధి చివర నుంచి రొయ్యల చెరువులే, చీకటి పడితే ఏరేటర్లన్నీ ఒక్కసారి తిరగడం మొదలవుతాయి, ఆ మోటార్ల చిటపటలన్నీ లైన్లో మా ఇంటిదాకా వస్తాయి. ల్యాప్‌టాప్ ఛార్జర్ పీకేసి బ్యాటరీ మీద నడిపితే సగం పోయింది. మిగతా సగానికి ఒకటే మందు, కరెంటు పోవడం. జీవితంలో మొదటిసారి కరెంటు కోత కోసం డబ్బా మూత తెరుచుకుని కాచుకుని కూర్చున్నాను. మా ఆవిడ విసనకర్రతో వచ్చి "పోయిందండీ, కానివ్వండి మరి" అనేది.

కొలతలు:

దశ 2 డూప్లికేట్లు నాలుగు: నిష్పత్తి 1.25 నుంచి 1.4. అంటే 5.4 నుంచి 4.1 నానోవోల్టులు.
240 రూపాయలవి: నిష్పత్తి 2.4. అంటే 1.8.
కవరులోని బీసీ549సీ: నిష్పత్తి 2.5. అంటే 1.7.

మూడో వరస చూసి మళ్ళీ కొలిచాను. మళ్ళీ అంతే. (బీసీ547, 549 లాంటి మామూలు ట్రాన్సిస్టర్‌కి, అంటే బైపోలార్‌కి, బేస్ బయస్ వేరుగా ఇవ్వాలి, నేను 2 మిల్లీ ఆంపియర్ల దగ్గర పెట్టాను, సాకెట్‌కీ బేస్‌కీ మధ్య 470 మైక్రోఫారడ్ కెపాసిటర్.) మూడు రూపాయల ట్రాన్సిస్టర్ రెండువందల నలభై రూపాయల 'కే170'ని ఓడించింది. కొట్టాయన బీసీ547 వేసుకోమన్నప్పుడు నేను లోపల నవ్వుకున్నాను, ఆ నవ్వు ఇప్పుడు నాకే తిరిగొచ్చింది.

ఇప్పటివరకు: రూ. 2,800 + 350 (ఐసీలు, బ్యాటరీలు, కెపాసిటర్లు) = రూ. 3,150.

దశ 5: అటక (ఏప్రిల్)

మా ఊళ్ళో మైక్ సెట్ బాబాయి గారికి ఈ సంగతి చెప్పాను. ఆయన ముందు తన డబ్బాలోంచి బీఈఎల్ (భారత్ ఎలక్ట్రానిక్స్) బీసీ149లు తీసి ఇచ్చారు, ఎనభైల్లో కొన్న బెంగళూరు సరుకు, "ఇదీ లో నాయిసే అబ్బాయ్, తిరనాళ్ళలో బుర్రకథలన్నీ దీనిమీదే చెప్పించాను" అంటూ. కొలిస్తే 2.2 వచ్చింది. ఆ వయసుకి మంచి మార్కులే. తర్వాత ఆయనే అన్నారు: "జపాన్‌ది కావాలంటే కొట్లో ఎతుకుతావేంటి? అవతలొడ్డుకి పో. కువైట్ సెట్లు లేని అటక ఉందా అక్కడ?"

నిజమే గదా. రాజోలు, మలికిపురం, సఖినేటిపల్లి వైపు ఇంటికొకరు గల్ఫ్ వెళ్ళినవాళ్ళు. ఎనభైల్లో వాళ్ళు తెచ్చిన టేప్ రికార్డర్లూ స్టీరియోలూ ఇంకా గుడ్డ కప్పుకుని పడున్నాయి. మలికిపురం దగ్గర మా మేనత్త ఇంట్లోనే ఒకటుంది, మావయ్య గారు కువైట్ నుంచి తెచ్చింది, ఆంప్లిఫయర్ వేరు, డెక్ వేరు, ట్యూనర్ వేరు.

దిబ్బరొట్టె కట్టించుకుని, పంటు మీద బండెక్కించుకుని గోదావరి దాటాను. అత్త రొట్టె తీసుకుంది గానీ సెట్ మాటెత్తేసరికి, "ఒరేయ్, అది మీ మావయ్య జ్ఞాపకం రా, ఊడబీక్కుపోడానికి కాదు" అంది. బేరం కుదిరింది: డెక్ మళ్ళీ పాడాలి, అప్పుడు ఆంప్లిఫయర్‌లో వాడని ముక్క ఏదైనా నాది. ఆ వాడని ముక్క ఏదో నాకు వెనకవైపు సాకెట్లు చూడగానే తెలిసింది. 'ఫోనో ఎం.సి.' అని రాసుంది. ఆ ఇంట్లో రికార్డ్ ప్లేయర్ ఎప్పుడూ లేదు, నలభై ఏళ్ళుగా ఆ బోర్డు ఒక్క పాట కూడా వినలేదు.

మూత తీసి టార్చి వేశాను. ఫోనో బోర్డు మీద నాలుగు నల్ల ముక్కలు, కే170, కింద బీఎల్. జపాన్‌వాళ్ళు పైన 2ఎస్ వేయరు, ఉత్త కే170, సీ2240, ఏ970 అనే ఉంటుంది, అది తెలియక చాలామంది ఇవేవో అనుకుని పారేస్తారు. ప్రింటు మాసిపోయింది, పక్కకి వంచి చూస్తే గానీ కనపడదు. కాళ్ళు నల్లబడ్డాయి. ఒకదాని కాళ్ళు నల్లవి కావు, ఎర్రవి. 96 తుపానుకి ఆ ఇంటి పెంకులు లేచిపోయి అటకంతా తడిసిందట, ఆ నీళ్ళు ఈ మూల నుంచి లోపలికి దిగాయి.

తీసిన పద్ధతి:

1. ముందు ప్రతి కాలు మీదా కొత్త సోల్డర్ కలిపాను, పాతది దానితో కలిసి మెత్తబడుతుంది.
2. సక్కర్‌తో లాగాను. ఒక్కో కాలుకీ మధ్య నిమిషం విరామం, పార్టు చల్లారాలి.
3. కాళ్ళని వంచలేదు, గీకలేదు, స్పిరిట్ గుడ్డతో తుడిచానంతే.

మూడు వచ్చాయి. నాలుగోది, ఆ ఎర్ర కాళ్ళది, ఎంత మెల్లగా లాగినా సోర్స్ కాలు సరిగ్గా ఒంటి మొదట్లో విరిగింది. బ్లేడుతో ప్లాస్టిక్ గీకి లోపలి రేకు పట్టుకుందామని చూశాను, రేకు కూడా తుప్పే. అక్కడే గచ్చు మీద కాసేపు ఊరికే కూర్చున్నాను. అత్త తొంగి చూసి "ఏంట్రా, షాక్ కొట్టిందా" అంది.

కొలతలు:

ఐడీఎస్ఎస్: 7.4, 7.6, 8.1
100 మిల్లీవోల్టులకి పడింది: 2.7, 2.7, 2.9
నిష్పత్తి: 3.8, 3.9, 3.7
నాయిస్: 1.03, 1.0, 1.07 నానోవోల్టులు

నా 10 ఓమ్‌ల సాకెట్ జిగ్‌లో, ఐసీ గోల కూడా కలుపుకుని, డేటాషీటు 0.95కి ఇంత దగ్గరగా వచ్చిందంటే జిగ్ నిజం చెబుతోందని కూడా తేలిపోయింది. అప్పటిదాకా నాకు లోపల ఒక టెన్షన్ ఉండేది, తప్పు పార్టులది కాదు నా లెక్కదేమో అని.

డెక్ బెల్టులు మార్చాను, పించ్ రోలర్ తుడిచాను, పాడుతోంది.

ఇప్పటివరకు: రూ. 3,150 + 320 (బెల్టులు 180, పెట్రోలు, పంటు 140; రొట్టె ఖాతాలో వేయలేదు) = రూ. 3,470. ఒరిజినల్ కే170లు: మూడు. కావలసినవి: నాలుగు.

దశ 6: దారి మార్చడం (మే)

మూడింటితో ఏం చేయాలి? ఛానెల్‌కి ఒకటి పెడితే 64.6 డీబీ, సరిపోతుంది. వారం రోజులు అదే అనుకున్నాను. కానీ రేపు పిడుగు పడి ఒకటి పోతే మళ్ళీ ఎవరి అటక ఎక్కాలి? పైగా ఇంకెవరైనా నా బోర్డు చూసి కట్టుకోవాలంటే వాళ్ళందరికీ కువైట్ మావయ్యలు ఉండొద్దూ.

టోషిబా ఇప్పటికీ తయారు చేస్తున్న చిన్న జేఫెట్ ఒకటుంది, 2ఎస్‌కె209, బోర్డు పైకి అతికించే రకం. ఒక్కోటి కే170 అంత మంచిది కాదు గానీ నాలుగు పక్కపక్కన కడితే నాయిస్ సగానికి దిగుతుంది. అధీకృత డిస్ట్రిబ్యూటర్ దగ్గర జీఆర్ గ్రేడు ఇరవై, ఒక్కోటి 28 రూపాయలకి. షిప్పింగూ పన్నులూ కలిపి 640, పార్టుల కన్నా ఎక్కువ. అడాప్టర్ బోర్డులు పది, 80.

మే నెలలో మా ఊళ్ళో మూడు మిల్లీమీటర్ల ముక్కని సోల్డర్ చేయడం ఒక శిక్ష. ఫ్యాన్ ఆపితే చెమట చుక్క బోర్డు మీద, వేస్తే పార్టు మంచం కింద. రెండు అలా గాల్లో కలిశాయి. ఒకటి ఐరన్ ఎక్కువసేపు పెట్టి నేనే చంపాను. మిగిలినవి పదిహేడు. ఐడీఎస్ఎస్ 3.1 నుంచి 5.4 దాకా వచ్చింది, నిష్పత్తి 3.3 చుట్టూ, అంటే 1.2 నానోవోల్టులు. అన్నీ ఒకే తీరు, ఒక్కటీ మోసం చేయలేదు. ఒరిజినల్ సరుకు కొలవడం ఎంత విసుగ్గా, హాయిగా ఉంటుందో.

4 మిల్లీ ఆంపియర్లకి దగ్గరున్నవి ఎనిమిది ఎంచుకున్నాను. బోర్డులో మార్చినవి:

డ్రెయిన్ రెసిస్టర్ 1 కిలో ఓమ్ నుంచి 330 ఓమ్‌లకి. నాలుగు కలిసి 16 మిల్లీ ఆంపియర్లు లాగుతాయి, పాతదే ఉంచితే 16 వోల్టులు దాని మీదే పోయేవి.
ఇన్‌పుట్ స్టేజికి 9 వోల్టుల బ్యాటరీల బదులు పాత యూపీఎస్‌లోని 12 వోల్టుల 7 ఏహెచ్ బ్యాటరీ. రెండు ఛానెళ్ళకి 32 మిల్లీ ఆంపియర్లంటే చిన్న బ్యాటరీలు కొద్ది సాయంత్రాలకే నీరసపడతాయి.
రెండో స్టేజిలో బీసీ549సీ. అదే కవరులోంచి.

ఇప్పటివరకు: రూ. 3,470 + 1,280 = రూ. 4,750.

దశ 7: కుడి ఛానెల్ (జూన్ మొదటి వారం)

ఎడమ ఛానెల్ నిష్పత్తి 5.2, అంటే 0.68 నానోవోల్టులు. ఒరిజినల్ కే170లు రెండు పెట్టినా ఇంతే వచ్చేది. కుడి ఛానెల్ 4.6, అంటే 0.81. ఫ్లక్స్ మిగిలి చెమ్మ పట్టిందేమో అని స్పిరిట్‌తో కడిగాను, హెయిర్ డ్రయ్యర్ పట్టాను, మార్పు లేదు. సాకెట్ మార్చాను, తీగ మార్చాను. రెండు రోజులు.

మూడో రోజు పొద్దున్నే, చేయాల్సిన మొదటి పని చేశాను. డ్రెయిన్ రెసిస్టర్ల మీద వోల్టేజి కొలిచాను. ఎడమ 5.2 వోల్టులు, కుడి 3.9. 330తో భాగిస్తే ఎడమ 15.8 మిల్లీ ఆంపియర్లు, కుడి 11.8. నాలుగు మిల్లీ ఆంపియర్లు తక్కువ, అంటే సరిగ్గా ఒక ట్రాన్సిస్టర్ పనిలో లేదు. భూతద్దం పెట్టి చూస్తే మూడో దాని సోర్స్ కాలు ప్యాడ్ మీద ఊరికే వాలి ఉంది, సోల్డర్ తగల్లేదు. ఒక్క చురక. 5.1 నిష్పత్తి, 0.70. వోల్టేజి ముందు, నాయిస్ తర్వాత; ఆ వరస నాకు తెలిసే ఉంది, కానీ కొత్త జిగ్ మోజులో అన్నిటికీ దాన్నే వాడాను.

రాత్రి సూది ఎత్తి, వాల్యూం నిండా తిప్పి, స్పీకర్‌కి చెవి ఆనించాను. సన్నగా హిస్ ఉంది, ఒక జానెడు వెనక్కి జరిగితే లేదు. అక్కణ్ణుంచి వినపడేది చెరువు మీద ఏరేటర్లు.

మిగిలినవి: 2ఎస్‌కె209లు తొమ్మిది, బీసీ549సీలు నలభై ఎనిమిది, డూప్లికేట్లు పదిహేను (పారేయలేదు, ఎల్‌ఈడీ ఫ్లాషర్లకి పనికొస్తాయి). కే170లు మూడూ అగ్గిపెట్టెలో దూది వేసి పెట్టాను, బంగారం కొట్లో తూకపు రాళ్ళలాగా. కొత్త సరుకు ఏది వచ్చినా జిగ్‌లో ముందు వీటిలో ఒకటి పెట్టి నిష్పత్తి 3.8 దగ్గరకి వస్తోందా చూసుకుని, తర్వాతే కొత్తది. బాబాయి గారు రెండుసార్లు అడిగారు ఒకటివ్వమని. ఇవ్వలేదు.

అత్త నిన్న ఫోన్ చేసింది, డెక్ పాడుతోంది గానీ రేడియో ఎందుకు పలకట్లేదని. ట్యూనర్ నేను ముట్టుకోలేదని ఎంత చెప్పినా నమ్మదు. ఈ ఆదివారం మళ్ళీ పంటు ఎక్కాలి.